శుభ్రం చేసిన నెత్తురు

రాయగడ,
24 జూన్ 2007

సుజనా,

నువ్వు చల్లగా ఉండాలి. ఇక్కడ వానలు పట్టుకున్నాయి. కొట్టు వెనక గోడ మళ్లీ చెమ్మెక్కింది.

మొన్న గురువారం తమ్ముడు రక్తం ఇవ్వడానికి వెళ్లిన పొద్దున్న ఎలా గడిచిందో అంతా రాయమన్నావు. అన్ని పొద్దుల్లాగే గడిచింది. అడిగావు గనక రాస్తున్నాను.

వెలుగు రాకముందే లేచాను. మందారాలు తడిసి బరువుగా వేలాడుతున్నాయి. నాలుగే కోశాను. దీపం పెట్టి లలితా సహస్రనామం సగంలో ఉండగా వెనక గదిలోంచి తమ్ముడు సాయిరాం దగ్గు వినిపించింది. నేను ఆపలేదు, కానీ వరస తప్పాను. మళ్లీ మొదటికి వెళ్లాను. వంటింట్లో మీ వదిన ఝాన్సీలక్ష్మి పాలు కాచి, చోడి అంబలి కలిపింది. తమ్ముడు తలస్నానం చేసి వచ్చాడు. జ్వరం మనిషికి తలస్నానమేమిటంటే, "ఆస్పత్రికెల్తన్నాను గదా అక్కా, సంతకేటి?" అన్నాడు.

తర్వాత కొట్లో కూర్చున్నాడు. బోరిగుమ్మ నుంచి వచ్చిన వలిసెల బస్తాల్లోంచి మచ్చుకి గుప్పెడు నూనెగింజలు తీయించి, చేటలో పోసుకుని, పొట్టూ రాళ్లూ గోటితో ఏరాడు. పొట్లాలు కట్టి, సరుకు కొనే విజయనగరం షావుకారి పేరు రాశాడు. ఆయాసం వస్తున్నా ఆ పని ఇంకొకరికి ఇవ్వడు. నాన్నగారూ అంతే కదా. కాఫీ తాగి, మాత్ర వేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. నాన్నగారి ఫొటోకి దండం పెట్టి ఝాన్సీతో కోరాపుట్ బండి ఎక్కాడు.

మిగతాది ఝాన్సీ చెప్పింది. మీ పరిశోధన యంత్రం దగ్గరుండే లిప్సా అనే అమ్మాయి రక్తం తీసిందట. కొంత ఆసుపత్రి సీసాల్లోకి, కొంత నీ గాజు పలకకి. తమ్ముడు ఆ పిల్లతో, "కొలత సరిగ్గా ఎయ్యమ్మా, మేం కొట్టువోళ్లం, కనిపెట్టేస్తాం" అన్నాడట. ఆ పిల్లకి తెలుగు రాదు, అయినా నవ్వింది.

మార్చి నుంచి ఈ జ్వరం వస్తోంది, పోతోంది. చిన్నప్పుడు కీళ్ల జ్వరంతో గుండె కవాటం పాడైన మనిషి. ఇప్పుడు ఆ కవాటం మీద ఏదో పురుగు చేరి ఉంటుందని కోరాపుట్ డాక్టరు అనుమానం. ఏ పురుగో తెలిస్తేగానీ ఏ మందో తెలియదనీ, ఆలస్యమైతే కవాటాన్ని తినేస్తుందనీ అన్నాడు. ఇదంతా నీకు తెలిసిందే. రాస్తే నా మనసు నిలబడుతుందని రాశాను.

ఫోను వద్దు. అది కొట్లో వాడి పక్కనే ఉంటుంది. పైగా నువ్వు ఆగవు, నాకు వెంటనే మాట రాదు.

అక్క

*

బెంగళూరు,
3 జూలై 2007

అక్కకి నమస్కారం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మందారాలు నాలుగే ఎందుకు కోశావో కూడా ఆలోచించాను. నాకిక్కడ నిద్ర సరిగ్గా లేదు. కింద వీధిలో ఏదో తవ్వుతున్నారు, పైగదిలో ఒకావిడ నాట్యం సాధన చేస్తుంది. కుర్చీలో కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్లాలో తెలియదు.

నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. మా పలక తపాలా బిళ్లంత ఉంటుంది. గాజులో వెంట్రుక కన్నా సన్నటి కాలువలు చెక్కుతాం. రక్తాన్ని ఆ కాలువల్లో నెమ్మదిగా నడిపిస్తే ఎర్రకణాలు నడిమధ్యన గుంపుగా పోతాయి. సూక్ష్మజీవులుంటే ఒడ్డుకి జరుగుతాయి. ఒడ్డున గోడకి మేం పూసిన పూత వాటిని పట్టుకుంటుంది. ఒక రకం వెలుగు వేస్తే పచ్చటి చుక్కల్లా మెరుస్తాయి. ఆసుపత్రి సీసాలో అవి పెరగాలంటే రోజులు పడుతుంది. మా పలకకి ఒక పూట చాలు. చాలాలని మా ఆశ.

జ్వరాలెక్కువున్న ఊళ్లో పరీక్షించాలి అన్నప్పుడు కోరాపుట్ పేరు చెప్పింది నేనే. మా గైడు అప్పుడు పటం తీయించి ఎక్కడుందో చూశాడు. ఆ యంత్రం ముందు మా అన్నయ్యే కూర్చుంటాడని అప్పుడు అనుకోలేదు.

లిప్సా ఫలితం పంపింది. అన్నయ్య రక్తంలో పలకకి ఏమీ కనిపించలేదు. సీసాలు కూడా ఇంతవరకు ఖాళీగానే ఉన్నాయట. మిగతాది తర్వాత రాస్తాను, ఇప్పుడు కరెంటు పోయేలా ఉంది.

వదినని అడిగానని చెప్పు. అన్నయ్య ఈ మధ్య ఎంత తూగుతున్నాడు? అడగకుండా చూసి రాయి.

సుజన

*

రాయగడ,
11 జూలై 2007

చిట్టి తల్లీ,

నీ ఉత్తరం ఇంట్లో దీపం పెట్టినట్టయింది. రక్తంలో ఏమీ లేదని నేను చదివి వినిపించగానే ఝాన్సీ వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. చాలాసేపటికి ముఖం కడుక్కుని వచ్చింది.

మరునాడే మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లాం. కొబ్బరికాయలు కొట్టించాం. కొట్లో పనివాళ్లకి బూంది పంచాం. తమ్ముడు మెట్లు ఎక్కలేక కిందే కూర్చున్నాడు. అక్కడ కూర్చునే ఎవరో కల్యాణసింగ్‌పూర్ రైతుతో చింతపండు బేరం చేశాడు. నేను దిగి వచ్చేసరికి, "సూశావా, అమ్మవారు పైనుంచి బేరం పంపింది" అన్నాడు.

సాయంత్రానికి మళ్లీ ఒళ్లు కాలింది. అలసట అనుకున్నాం.

బరువు అడిగావు. బస్తాల కాటా మీద సరదాగా ఎక్కించాను. ఉగాదికి కొన్న చొక్కా ఇప్పుడు వాడిది కాదు, అంతే రాయగలను.

నీ పలక మంచి మాట చెప్పింది. దానికీ ఒక దండం పెట్టుకున్నాను.

అక్క

*

బెంగళూరు,
18 జూలై 2007

అక్కా,

పలకకి దండం పెట్టొద్దు. కొబ్బరికాయలు కొట్టొద్దు. తప్పు నాదే, ఆ ఉత్తరాన్ని హడావిడిగా ఆపేశాను. కనిపించలేదంటే లేదని కాదు అక్కా. దొరకలేదని మాత్రమే. దొంగ సందులో కనబడకపోతే ఊళ్లోంచి వెళ్లిపోయినట్టు కాదు కదా.

మెట్లు ఎక్కలేని మనిషి, పూటపూటకీ కాలే ఒళ్లు, తగ్గిన బరువు. ఇవన్నీ సూక్ష్మజీవులు ఉన్నాయని చెబుతున్నాయి. సీసాలు, పలక లేవంటున్నాయి. ఏదో ఒకటి అబద్ధం. పలకే అబద్ధమేమో అని నా భయం. ప్రయోగశాలలో మంచి రక్తంలో మేమే సూక్ష్మజీవుల్ని కలిపి నడిపిస్తే ప్రతిసారీ పట్టుకుంటుంది. అక్కడ, కోరాపుట్‌లో, నిజం మనుషుల దగ్గర దాదాపు అందరికీ ఖాళీయే వస్తోంది. మా గైడు, "ఆ ఊళ్లో అన్నీ మలేరియా జ్వరాలై ఉంటాయి" అంటాడు. అన్నయ్యకి మలేరియా లేదని నాలుగుసార్లు చూశారు కదా!

సెప్టెంబరు మొదటి వారంలో డబ్బిచ్చేవాళ్లు ఢిల్లీ నుంచి వస్తారు. పలక పనికొస్తుందో లేదో అప్పుడు తేల్చేస్తారు. అందరూ నన్నే చూస్తున్నారు. నేను కిటికీలోంచి కాకుల్ని చూస్తున్నాను.

అన్నయ్యని ఇంకోసారి పంపు. ఈసారి ఎక్కువ రక్తం తీయమని లిప్సాకి రాశాను. సూక్ష్మజీవి ఒక చెంచా రక్తంలో ఒక్కటే ఉండొచ్చు, చుక్కల్లో వెతికితే దొరక్కపోవచ్చు. కోప్పడకు. త్వరగా పంపు.

బూంది నాకూ ఒక పిడికెడు దాచి ఉంటే బాగుండేది.

సుజన

*

రాయగడ,
29 జూలై 2007

సుజనకి,

రథయాత్ర జనంలో బండి దొరక్క నాలుగు రోజులు ఆలస్యమైంది. బుధవారం వెళ్లి వచ్చారు.

జరిగింది జరిగినట్టు రాస్తాను, బాధపడకు. మొదటిసారే లిప్సా ఒడియాలో చదివి వినిపించిందట. ఈ పలక ఫలితం పరిశోధన కోసం మాత్రమే, వైద్యం దీన్నిబట్టి చేయరు అని. ఝాన్సీ అప్పుడు ఏమీ అనలేదు. నీ ఉత్తరంలో మళ్లీ రక్తం, ఇంకా ఎక్కువ అనేసరికి అంది.

"మందియ్యడానిక్కానప్పుడు ఆ రక్తం ఎవులికి వదినా? మీ సెల్లి ఉజ్జోగానికి మా ఆయన రక్తమేటి? ఇప్పటికే ఒంట్లో ఏటీ లేదు."

జవాబు తమ్ముడే చెప్పాడు. "అమ్మి అడిగింది, ఇత్తాను. నువ్వు గాజులడిగితే తేలేదేటి?"

"గాజులడిగితే తెచ్చినారు, గోళీకాయలంత సైజులో" అంది ఝాన్సీ. ముగ్గురం నవ్వాం. కానీ ఆవిడ బండిలో దారంతా కిటికీ వైపే తిరిగి కూర్చుందట.

తమ్ముడు మాత్రం చాలా శ్రద్ధ తీసుకున్నాడు. నీ పరీక్షకి ఏ వంకా రాకూడదని రెండు రోజుల ముందు నుంచే ఆ మాత్రలు పూటకి రెండు చొప్పున వేసుకున్నాడు. బుధవారానికి జ్వరం పూర్తిగా దిగింది. "ఈసారి సుజన మెచ్చుకుంటాది సూడు" అంటూ వెళ్లాడు.

గురువారం మళ్లీ వచ్చింది, చలితో. దుప్పట్లు చాలలేదు.

రోజూ ఒక పూట ఉపవాసం ఉంటున్నాను. వాడికి చెప్పలేదు.

అక్క

*

బెంగళూరు,
6 ఆగస్టు 2007

అక్కా,

ఏ మాత్రలు?

ఏ మాత్రలక్కా? ఎవరిచ్చారు, ఎప్పటి నుంచి?

నీ ఉత్తరం ఈ పొద్దున్న వచ్చింది. చదివి కొట్టుకి ఫోను చేశాను. నువ్వు వద్దన్నావు, అయినా చేశాను. అన్నయ్యే ఎత్తాడు. "అమ్మి, వలిసెల ధర పడిపోయింది, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే గుమాస్తా జోగయ్య తీసి, "బాబు బేరంలో ఉన్నారు" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. దీన్ని స్పీడుపోస్టులో వేస్తాను.

అవి సూక్ష్మజీవుల్ని చంపే మాత్రలైతే, అక్కా, మొత్తం అర్థమవుతోంది. మాత్ర పడగానే రక్తంలో తిరిగేవి చస్తాయి. జ్వరం దిగుతుంది. మనిషి బాగున్నాడనిపిస్తుంది. కానీ కవాటం మీద గూడు కట్టుకున్నవాటిని ఆ మాత్ర తాకలేదు. అది మానగానే అవి మళ్లీ రక్తంలోకి దిగుతాయి. మార్చి నుంచి ఇదే జరుగుతోందేమో. మేం రక్తం తీసేది సరిగ్గా అవి చచ్చిన రోజున. సీసాలో ఏం పెరుగుతుంది? పలకకి ఏం దొరుకుతుంది?

మధ్యాహ్నం లిప్సాకి ఫోను చేశాను. ఖాళీ వచ్చిన మిగతావాళ్లలో ఎంతమంది మందుల కొట్లో మాత్ర కొనుక్కుని మింగి వచ్చారో కనుక్కోమన్నాను. తను నవ్వింది. "దీదీ, మింగకుండా ఎవరొస్తారు?" అంది. మేమెవ్వరం ఆ ప్రశ్న అడగలేదు. బెంగళూరులో కూర్చుని కాలువల వెడల్పు సరిచేస్తున్నాం.

నాకు ఒకేసారి సంతోషమూ భయమూ వేసి రోడ్డు మీదికి వెళ్లి నడిచాను. ఎక్కడికి నడిచానో తెలియలేదు. తిరిగి వచ్చి మళ్లీ నీ ఉత్తరం చదివాను.

ఇప్పుడు అడగాల్సింది పెద్దది. మాత్రలు ఆపాలి. జ్వరాన్ని రానివ్వాలి. వచ్చినప్పుడు, ఒళ్లు కాలుతున్నప్పుడు రక్తం తీయాలి. ఇంట్లో కాదు, ఆసుపత్రిలో, డాక్టరు కళ్లెదుట. ముందు నువ్వు వెళ్లి డాక్టరుతో మాట్లాడు. వదినకి నువ్వే చెప్పు. నా పేరుతో చెప్పకు.

సుజన

*

రాయగడ,
13 ఆగస్టు 2007

సుజనా,

అడిగాను. మార్చిలో మన సందు చివర మందుల కొట్టువాడు ఇచ్చినవే. అప్పటి నుంచి జ్వరమెక్కినప్పుడల్లా వేసుకుంటున్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. అవి ఒంటి నొప్పుల మాత్రలనుకున్నాను.

కోరాపుట్ డాక్టరు మొదటి రోజే అడిగాడు, వేరే మందులేమైనా వాడుతున్నావా అని. తమ్ముడు లేదన్నాడు. ఎందుకలా అన్నావంటే, "ఇంకోడి మందు మింగి ఈయన దగ్గిరికెల్తే ఈయన్ని తక్కువ సేసినట్టు గాదా అక్కా" అన్నాడు.

రక్తం ఇచ్చే రోజున పనిగట్టుకుని ఎందుకు మింగావని అడిగాను. వింతగా చూశాడు.

"మచ్చు పంపేటప్పుడు రాళ్లేరకుండా పంపుతామేటి? నా రక్తం ఎక్కడికెల్తాది? అమ్మి సదివిన సోటికి. మన నాన్న గోవిందరాజులు గారి కొట్టు నించి పురుగు పట్టిన సరుకు పంపితే దాని పరువేటవుద్ది?"

ఝాన్సీ అప్పుడే మజ్జిగ పట్టుకొచ్చింది. గ్లాసు కింద పెట్టి అంది.

"బస్తాలో పురుగుంచుకొని మచ్చేరి పంపితే ఇజీనగరం షావుకారు బస్తా తిరగ్గొడతాడు. మీ బస్తా ఎవులు తిరగ్గొడతారు?"

తమ్ముడు మజ్జిగ తాగాడు. మాత్రల అట్ట తెచ్చి నా ముందు పెట్టాడు.

శనివారం నేనే కోరాపుట్ వెళ్లి డాక్టరుకి ఆ అట్ట చూపించాను. ఆయన తల పట్టుకున్నాడు. నువ్వన్నదే అన్నాడు. ఇప్పటికి మనిషి నిలకడగా ఉన్నాడు కాబట్టి ఆసుపత్రిలో పడుకోబెట్టి, మాత్ర ఆపి, కనిపెట్టుకుని ఉండి, మూడుసార్లు రక్తం తీయవచ్చట. పురుగు పేరు తెలిస్తే సరైన మందు నరంలోకి వారాల తరబడి ఎక్కిస్తారు. తెలియకుండా ఎక్కిస్తే గుడ్డిగా ఎక్కించినట్టే. ప్రమాదమూ చెప్పాడు. మాత్ర లేని ఆ రోజుల్లో కవాటం మీది ముక్క ఊడి తలకెక్కితే ఆయన చేతిలో ఏమీ ఉండదట. "ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే తీసుకురండి" అన్నాడు.

బండిలో వస్తూ సొరంగాలు లెక్కపెట్టడం మానేసి ఆలోచించాను. నిన్నొకటి అడుగుతాను. సూటిగా రాయి. మాత్ర ఆపమని అడుగుతున్నది తమ్ముడి కోసమా, యంత్రం కోసమా? రెండూ అయితే రెండూ అని రాయి. అది తెలియకుండా నేను ఝాన్సీ ముందు కూర్చోలేను.

అక్క

*

బెంగళూరు,
18 ఆగస్టు 2007

అక్కా,

రెండూ.

ఈ ఒక్క మాటా రాసి కవరు అంటించాను. మళ్లీ చింపాను.

నువ్వు అడిగావని కోపం వచ్చింది మొదట. నా అన్నయ్య గురించి నన్నే అడుగుతావా అని. తర్వాత నా బల్ల మీద చూసుకున్నాను. సెప్టెంబరు సమావేశానికి తయారుచేసిన కాగితాల్లో ఒక చోటు ఖాళీగా వదిలి ఉంది, నిజం రోగి రక్తంలో పలక చూపించిన మొదటి పచ్చచుక్క బొమ్మ కోసం. అది నేనే వదిలాను, మాత్రల సంగతున్న నీ ఉత్తరం అందిన రాత్రి. ఎవరి రక్తం వస్తుందనుకుని వదిలానో నాకు తెలుసు.

అయినా ఇదీ నిజం. పలక అనే వస్తువు ఈ లోకంలో లేకపోయినా నేను ఇదే అడిగేదాన్ని. సీసాలకైనా మాత్ర లేని రక్తమే కావాలి. డాక్టరుకి ఉపయోగపడేది సీసాల ఫలితమే. పలక పక్కన నిలబడి చూస్తుంది, అంతే. అదేమీ చెప్పకపోయినా వైద్యం ఆగదు. ఈ మాట వదినకి చెప్పు. ఆవిడ అన్నది తప్పు కాదనీ చెప్పు.

అన్నయ్యని చేరిస్తే, సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీ వాళ్లొస్తున్నారు. నేను ఇక్కడుండాలి. లిప్సా పలక బొమ్మలు ఎప్పటికప్పుడు నాకు పంపుతుంది, నేను చూసి వెంటనే చెబుతాను. మీరేం నిర్ణయించినా సరే. వద్దన్నా సరే. కానీ త్వరగా నిర్ణయించండి. నాకు అన్నం తింటుంటే మధ్యలో చెయ్యి ఆగిపోతోంది.

ఒక విషయం మాత్రం దాచను. ఆ ముక్క ఊడటం గురించి డాక్టరు చెప్పింది నాకు ముందే తెలుసు. పోయిన ఉత్తరంలో రాయలేదు. రాస్తే నువ్వు ఒప్పుకోవేమోనని.

సుజన

*

రాయగడ,
24 ఆగస్టు 2007

సుజనా,

వరలక్ష్మీ వ్రతం ఇప్పుడే ముగిసింది. పేరంటాళ్లు వెళ్లారు. ఇల్లంతా పసుపూ సాంబ్రాణీ వాసన. ఝాన్సీ కొత్త చీరతోనే గడప మీద కూర్చుంది. తమ్ముడు పడక్కుర్చీలో ఉన్నాడు, కాళ్లకి వాపు వచ్చింది. నేను నీ ఉత్తరం మొత్తం వాళ్లకి చదివి వినిపించాను. రెండూ అన్నదీ, ఖాళీ వదిలిన చోటూ, చివర దాచానన్నదీ. ఏదీ వదల్లేదు.

తమ్ముడే మొదలుపెట్టాడు.

"ఆ సోటు ఖాళీగా ఉంచింది సూడు, అదీ కొట్టువోళ్ల పిల్లంటే. సరుకు రాకముందే గూడు సర్ది పెట్టింది."

"నవ్వకండి" అంది ఝాన్సీ. "మీ తల్లో ఎక్కితే ఎవులు నవ్వుతారు?"

"మాత్ర మింగుతూ ఉంటే ఎక్కదేటి? కొంచెం నిదానంగా ఎక్కుద్ది."

ఆవిడ నా వైపు తిరిగింది. "మీరేటంతారు వదినా? ఎప్పుడూ ఏదీ అనరు. ఈ పూటైనా అనండి."

అన్నాను. నేను రోజూ అమ్మవారిని వాడి జ్వరం తగ్గించమని అడుగుతున్నాను. తగ్గిస్తూనే ఉంది. తగ్గిన ప్రతిసారీ వాడు ఇంకొంచెం చిక్కుతున్నాడు. రేపటి నుంచి తగ్గించమని అడగను. ఏమి అడగాలో నాకింకా తెలియదు, కానీ అది మాత్రం అడగను. ఇంత మాట్లాడి చాలా రోజులైంది.

ఝాన్సీ చాలాసేపు కొంగు అంచు మడత పెడుతూ కూర్చుంది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. పురుగు పేరు దొరక్కపోతే? దొరక్కపోయినా డాక్టరు తనకి తోచిన మందు మొదలుపెడతాడన్నాను. ఆయాసం పెరిగితే? ఆ క్షణమే ఆపేసి మందు ఎక్కిస్తారు, రక్తం తీసినా తీయకపోయినా. ఆయన్ని ఒంటరిగా వదిలేస్తారా? వదలరు, నువ్వు పక్కన ఉంటావు. "కొట్టో?" అంది. కొట్లో నేను కూర్చుంటానన్నాను. తమ్ముడు కుర్చీలోంచి లేవబోయాడు. "నువ్వా? వలిసెలకీ ఆవాలకీ తేడా తెలుసా అక్కా?" తెలియదన్నాను. జోగయ్యకి తెలుసు.

ఈ సాయంత్రం మేం నిర్ణయించినది ఇదీ.

ఈ పూట నుంచి మాత్ర లేదు. అట్ట నా దగ్గరే ఉంటుంది. రేపు పొద్దున్న బండికి ముగ్గురం కోరాపుట్ వెళతాం, తమ్ముణ్ణి ఆసుపత్రిలో చేరుస్తాం, నేను సాయంత్రం తిరిగి వస్తాను. జ్వరం వచ్చాక, డాక్టరు చెప్పినప్పుడు, మూడుసార్లు రక్తం తీస్తారు. సీసాలకి ముందు, పలకకి తర్వాత. సరిపోకపోతే పలకకి ఇవ్వరు. ఇది తమ్ముడు ఒప్పుకోలేదు, ఝాన్సీ పట్టుబట్టింది. నేను ఆవిడ పక్షం.

ఇంకొకటి ఝాన్సీ షరతు. నువ్వు రావాలి. ఢిల్లీ వాళ్లు వచ్చినా సరే, ఉద్యోగం ఉన్నా ఊడినా సరే. "బెంగుళూరులో కూకుని కంప్యూటర్లో మా ఆయన రక్తం సూడ్డం కాదు. ఆ మంచం పక్కన నాతో కూకోమనండి. పలక ఏటన్నా సెప్పిందా, నాకే ముందు సెప్పాల. ఏటీ సెప్పకపోయినా నాతోనే ఉండాల." తమ్ముడు నిన్ను ఇబ్బంది పెట్టొద్దన్నాడు. మేమిద్దరం వినలేదు. కాబట్టి రా. ఈ ఉత్తరం అందేలోపే జోగయ్య చేత నీకు ఫోను చేయిస్తాను, రమ్మని మాత్రమే. ఎందుకో ఇందులో ఉంది.

అంతా అయ్యాక తమ్ముడు నిద్రపోయాడు. ఝాన్సీ కలశం దగ్గర దీపంలో నూనె పోస్తూ, నా వైపు చూడకుండా ఒక మాట అంది. ఆయనకి ఏమైనా సరే, ఈ ఇంట్లో సుజనని ఎవరూ, ముఖ్యంగా తను, ఎప్పుడూ ఒక్క మాట అనకూడదని. అన్నట్టయితే తనని ఆపాల్సింది నేనేనంది. అదీ నిర్ణయాల్లోనే చేర్చుకోమంది.

నీకు రాయొద్దంది. రాశాను.

అక్క